ఖాళీ తట్ట

పాలెం నుంచి పైడమ్మ మళ్లీ వచ్చి వెళ్లిందని తెలిసిన రోజు కోటిలింగం అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

గోదారి ఒడ్డున ఊటలంక మఠంలో అయ్యవారి తర్వాత మాట అతనిదే. మఠానికీ ఏటికీ మధ్యనున్న మట్టికట్ట అతని చేతి మీదుగా లేచింది. ఎక్కడ ఎండ్రకాయ బొరియ పెట్టిందో, ఎక్కడ కాలేస్తే మట్టి మెత్తగా దిగుతుందో కళ్లు మూసుకుని చెప్తాడు. కట్ట లోపల పల్లంలో పెద్దయ్యవారి సమాధి ఉంది. పెద్దయ్యవారంటే అయ్యవారికి గురువు. ఆ రాయికి వరద తడి తగలకూడదని కోటిలింగం తన వయసంతా తెచ్చి ఆ కట్టలో పోసేశాడు.

పైడమ్మ వల వేసుకు బతికే పాలెంవాళ్లకి పెద్ద దిక్కు. కట్ట తెంపమని ఆవిడ అడుగుతోంది. కట్ట లేని రోజుల్లో తొలి వరద ఎర్రనీరు తగలగానే బొచ్చె, శీలావతి చేపలు ఏటికి ఎదురెక్కి వచ్చి ఈ పల్లంలోకి తిరిగేవట. గడ్డి మీద పల్చటి నీళ్లలో గుడ్లు పెట్టేవట. చేపపిల్లలు ఆ గడ్డిలోనే దాక్కుని పెరిగి, నీరు తీసేటప్పుడు ఏట్లోకి జారేవట. కట్ట వేశాక వచ్చిన చేప వచ్చినట్టే మట్టికి మూతి తగిలించుకుని ఉరవడిలో కొట్టుకుపోతోంది. ఏటేటా చేప తగ్గింది. పాలెంలో సగం ఇళ్లకి తాళాలు పడ్డాయి. పల్లం మఠానిదే, మునిగితే మీ పశువుల గడ్డే కదా మునిగేదని ఆవిడ వాదన.

గడ్డితో పాటు సమాధీ మునుగుతుంది. ఆ మాట ఆవిడ నోట రాలేదు. అదీ కోటిలింగం మంట.

ఇంకో మంట పాతది. పెద్ద వరద వచ్చిన ఏడు కట్టకి గండి పడబోతుంటే, మఠంవాళ్లు చేతికి దొరికిన గోనె సంచులూ తడకలూ, చివరికి వంటింటి తలుపు కూడా ఊడదీసి తెచ్చి అడ్డం పెట్టారు. పాలెంవాళ్లు అవతలి మెరక మీద నిలబడి చూశారు. ఒక్కడూ దిగి రాలేదు. తెగాలని మొక్కుకున్నవాళ్లు కూడా ఉన్నారని తర్వాత తెలిసింది. ఆనాటి నుంచీ కోటిలింగం పాలెంలో మంచినీళ్లు పుచ్చుకోలేదు. దారిలో పైడమ్మ ఎదురైతే తలపాగా సర్దుకునే మిషతో మొహం తిప్పేసుకునేవాడు.

ఆ మంటతోనే వెళ్లి అయ్యవారి ముందు కూర్చున్నాడు. జపానికి కూర్చుంటే పైడమ్మ మొహం కనబడుతోందని, ఇన్నేళ్లు సేవ చేసినా లోపల కోపం ఒక చుక్క కూడా ఇంకలేదని చెప్పుకున్నాడు. అది నిజమే. కానీ ఆవిణ్ణి ఇక మఠం గడప ఎక్కొద్దని అయ్యవారి నోటితో అనిపించుకోవాలని కూడా ఉంది.

అయ్యవారు విసనకర్రతో ఈగలు తోలుకుంటూ అంతా విన్నారు. పున్నమికి మట్టి ఎక్కడ తవ్విస్తున్నావని అడిగారు. అంతే.

ఊటలంక మఠంలో ఒక ఆచారం ఉంది. ఆషాఢ పున్నమికి గురువు పాదాల మీద పూలు పెట్టరు. శిష్యులు తలో తట్ట మట్టి నెత్తిన పెట్టుకొచ్చి కట్ట మీద పోస్తారు. మొదటి తట్ట అయ్యవారిది. వరద రాకముందే కట్టకి బలం చేకూరుతుంది, గురువుకి దక్షిణా చెల్లుతుంది. ఈ ఆచారం పెట్టింది కూడా కోటిలింగమే.

ఆ పున్నమికి అందరూ నిండు తట్టలతో కట్ట కింద నిలబడ్డారు. అయ్యవారు ఖాళీ తట్టతో వచ్చారు. కట్ట ఎక్కి, చంకలో పెట్టుకొచ్చిన చిన్న పారతో కట్ట నెత్తి మీది మట్టి గీకి తట్టలో వేసుకున్నారు. నిండాక నెత్తికెత్తుకుని, అందరి మధ్య నుంచీ దిగి, మెరక మీద పశువులపాక వెనక కుమ్మరించారు. చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు.

జనం నెత్తిన బరువులతో ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అయ్యవారికి చూపు మందగించిందని కోటిలింగం సర్దిచెప్పాడు. పోసేదేదో తీసేదేదో తెలియనంతగానా అని వెనక నుంచి ఎవరో గొణిగారు. అతను వినిపించుకోనట్టు తన తట్ట తీసుకెళ్లి ఆ గుంటలోనే పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి చదును చేశాడు.

మర్నాడు పొద్దున అయ్యవారు మళ్లీ వెళ్లి అదే చోట ఒక తట్ట తీశారు. సాయంత్రం కోటిలింగం పూడ్చాడు. ఆ మర్నాడూ అంతే. పగలు ఆయన తీయడం, పొద్దువాలితే ఇతను పూడ్చడం. ఇద్దరూ ఒకే పంక్తిలో అన్నం తిన్నారు, ఒకే దీపం దగ్గర కూర్చున్నారు, దాని ఊసు మాత్రం ఎత్తుకోలేదు. మఠంలో మిగతావాళ్లు ఆ ఇద్దరి మధ్య నుంచి నడవడానికి కూడా జంకారు.

పెద్దవయసులో మతి చలించే గురువుని కాపాడుకోవడం కూడా సేవేనని కోటిలింగం తనకి తాను చెప్పుకున్నాడు. పార తీసి గడ్డివామిలో దాచేశాడు.

అయ్యవారు పార గురించి ఎవర్నీ అడగలేదు. కొబ్బరి చిప్ప పట్టుకెళ్లి గీక్కున్నారు. తట్ట నిండేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆ సాయంత్రం అయ్యవారి కాళ్లు పిసుకుతుంటే ఆయన అరిచేతులు కనబడ్డాయి. చిప్ప అంచు కోసి, బొబ్బలు చితికి, గోళ్ల సందున మట్టి పట్టేసి ఉంది. కోటిలింగం లేచి వెళ్లి ఆముదంలో పసుపు కలిపి తెచ్చాడు. రాస్తూ ఇక ఉండబట్టలేకపోయాడు.

"కట్ట తెగితే పెద్దయ్యవారు మునిగిపోతారండి."

"ఆయనకి ఈతొచ్చురా," అన్నారు అయ్యవారు.

కోటిలింగం నవ్వలేదు. రాస్తూనే ఉన్నాడు. అయ్యవారే మాట ఎత్తుకున్నారు. పెద్దయ్యవారు ఉన్నన్నాళ్లూ, ఏరు పొంగగానే చాప చుట్టి చంకలో పెట్టుకుని మెరక ఎక్కేవారట. నీరు తీశాక దిగొచ్చి, ఆ బురద మీదే మళ్లీ పరుచుకునేవారట. ఏటిని ఒక్కనాడూ ఒక మాట అనలేదట.

"ఆయనకి కట్ట అక్కర్లేకపోయింది," అన్నారు. "మనకే కావలసొచ్చింది."

కోటిలింగానికి తను పోసిన మట్టినంతా ఆ ఒక్క మాటతో పక్కకి తోసేసినట్టయింది. నూనె గిన్నె తీసుకుని లేచి వచ్చేశాడు. కానీ తెల్లారేసరికి పార అయ్యవారి గుమ్మానికి ఆనించి ఉంది.

ఎగువన ఎర్రనీరు తగిలిందని కబురొచ్చిన రోజు సన్నగా వాన పడుతోంది. అయ్యవారు నిండు తట్టతో కట్ట దిగుతుంటే కాలు పట్టుతప్పి చతికిలబడ్డారు. కోటిలింగం పరుగున వెళ్లి రెక్క పట్టి లేపాడు. దెబ్బేమీ తగల్లేదన్నారు. తట్ట పక్కకి ఒరిగి ఉంది, సగం మట్టి ఇంకా దాన్లోనే ఉంది.

కోటిలింగం వంగి దాన్ని నెత్తికెత్తుకున్నాడు. ఎత్తుకున్నాక గానీ తట్టలేదు, ఎటు మొయ్యాలో. వెనక్కి తిరిగితే కట్ట, నాలుగడుగులు. ముందుకెళితే మెరక. అయ్యవారు పంచె అంచుకంటిన బురద పిండుకుంటున్నారు. ఇటు చూడలేదు.

తట్టలోంచి బురదనీళ్లు కారి మెడ మీదుగా వీపులోకి దిగుతున్నాయి. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి మెరక వైపు నడిచాడు. ఒప్పుకుని కాదు. ఆ చేతులతో ఆయన ఇంకో తట్ట ఎత్తకూడదని, అంతే.

కానీ అడ్డదిడ్డంగా జరిగే పని చూస్తూ ఊరుకోవడం అతని ఒంట్లో లేదు. ఏరు వచ్చేస్తోంది, ఆయన ఎలాగూ మానరు. తిరిగొచ్చి అయ్యవారు గీకిన చోటు చూశాడు. ఇక్కడ తెగితే ఏరు కట్టనంతా కోసుకుపోయి, సమాధి రాళ్లని కూడా దొర్లించేస్తుంది. తెంపితే దిగువన, ఒకప్పుడు పల్లంలోకి నీరొచ్చిన పాత పాయ మూతి ఉండే చోట తెంపాలి. అక్కడైతే నీరు నెమ్మదిగా వెనక్కెక్కుతుంది. ఆ మూతిని పూడ్చినవాడు తనే. చోటు వెతుక్కోనక్కర్లేకపోయింది.

మొదటి దెబ్బ తనే వేశాడు. శిష్యులు ఒక్కొక్కరే వచ్చి కలిశారు. మాట పాలేనికి పాకింది. పైడమ్మ తనవాళ్లని వెంటేసుకుని వచ్చింది. అందరి చేతుల్లోనూ తట్టలున్నాయి.

కోటిలింగం నడుం ఎత్తి చూశాడు. ఆ పెద్ద వరదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది.

"ఆ రోజు రాని చేతులు ఇవాళ దేనికి?"

పైడమ్మ తడుముకోలేదు. "ఆ రోజు పోస్తన్నారు, లింగంగారండి. ఇవాళ తీస్తన్నారు."

తప్పయిపోయిందని ఆవిడ అనలేదు. ఆవిడ అలా అంటే తనేమనాలో అతను ఏళ్ల తరబడి నోట్లో తిప్పుకుంటూ ఉన్నాడు. ఆ మాట అక్కరకు రాకుండా పోయింది. వరసలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి పక్కకి జరిగాడు. పల్లంలో నీరున్నన్నాళ్లూ వల పడకూడదని, పడిన రోజు మళ్లీ కట్ట వేసేస్తానని మాత్రం గట్టిగా చెప్పాడు. కడుపుతో ఉన్నదాని మీద వలేసే పాపిష్టోళ్లు మాలో లేరని పైడమ్మ చెంగు నడుముకి దోపుకుంది.

సాయంత్రానికి గండిలోకి నీరొచ్చింది. ఉరకలేదు. చాన్నాళ్లకి ఊరొచ్చిన మనిషిలా, గడ్డి దుబ్బుల మధ్య పాత దారి వెతుక్కుంటూ వచ్చింది. పొడినేల బుడగలు కక్కింది. సమాధి మొదటి మెట్టు మునిగింది. రెండో మెట్టు మునుగుతుండగా కోటిలింగం చూడలేక లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారాక అయ్యవారు వచ్చి లేపారు. చెయ్యి పట్టుకుని మెరక దింపి, నీళ్లలోకి నడిపించారు. పల్లమంతా ఎర్రగా, పలకలా పరుచుకుని ఉంది. మధ్యలో సమాధి రాయి ఒక్కటే పైకి కనబడుతోంది. మెట్లు లేవు. రోజూ అతను తన పైపంచెతో తుడిచే అరుగు లేదు. అవతలి మెరక మీద పాలెంవాళ్లు నిలబడి చూస్తున్నారు, అప్పట్లాగే. ఎవరి చేతుల్లోనూ వలలు లేవు.

సమాధి దగ్గరకి వచ్చేసరికి పక్కన నీళ్లు కదిలాయి. తట్ట బోర్లించినట్టు ఒక నల్లటి వీపు పైకి లేచి మునిగింది. దాని వెనక ఇంకోటి, ఆ పక్కన మరోటి. బొచ్చెలు. మునిగిన అరుగు చుట్టూ గడ్డిలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పొర్లుతున్నాయి. తోకల దెబ్బకి బురదనీళ్లు ఎగిరి సమాధి రాయి మీద పడ్డాయి. కారిపోయేలోగా మళ్లీ పడ్డాయి.

ఆ రాయి మీద కాకి వాలినా ఓర్చుకోని మనిషి కోటిలింగం. అదిలించడానికి చెయ్యి దానంతటదే లేచింది.

అయ్యవారు ఆ చెయ్యి పట్టుకున్నారు. కోసుకుపోయిన అరిచెయ్యి గరుగ్గా తగిలింది.

"ఉండనీరా లింగం," అన్నారు. "ఇన్నాళ్లకి వీళ్లు ఆయన దగ్గరకొచ్చారు."