గోరువంక పుచ్చుకున్న వకాల్తా

అనగా అనగా, పిట్టలు కూడా కోర్టుకెక్కే రోజుల్లో, ఒక అడవిలో మంజువాణి అనే గోరువంక ఉండేది. లాయరు చదువు అయిన వెంటనే కాకి వకీలు దగ్గర జూనియరుగా చేరింది. కాకిగారు ఆమె చేత కాగితాలు మోయించారు. నోరు మాత్రం విప్పనివ్వలేదు.

"ఆడపిట్టవి. ఆ గొంతు పాటలకు బాగుంటుంది, వాదనెందుకమ్మా?" అనేవారు.

ఏడాది తిరక్కుండానే మంజువాణి ఆ కొమ్మ వదిలేసింది. మద్దిచెట్టు మీద సొంత ప్రాక్టీసు పెట్టింది.

వచ్చినవాళ్ళు ఆమెనే చూసి, "వకీలుగారు లేరామ్మా?" అని అడిగి వెళ్ళిపోయేవారు. "దాని ముక్కు పచ్చ ఆరేదెప్పుడో!" అని చిలకలు నవ్వాయి. గోరువంక ముక్కు ముసలితనంలోనూ పసుపే. ఆ సంగతి తెలిసే నవ్వాయి.

చివరికొక వడ్రంగిపిట్ట వచ్చింది. మగడు పోయాడు. నేడో రేపో గుడ్లు పెడుతుంది. "మా అన్న తొర్ర ఇక నాది, ఖాళీ చెయ్యి" అని మరిది గొడవ పడుతున్నాడు.

"వకీలమ్మా, అసలా తొర్ర..."

"అర్థమైందక్కా! నాకు వదిలెయ్" అని మంజువాణి వకాల్తా పుచ్చుకుంది.

దావా రాసేటప్పుడు వడ్రంగిపిట్ట మళ్ళీ అంది: "అది కాదమ్మా, తొలిచింది..."

"మీ ఆయనేగా! మగడు కట్టిన గూట్లో పెళ్ళానికి చోటుండదా? ఎలా వాదిస్తానో చూడు."

కోర్టులో వడ్రంగిపిట్ట ఆమె రెక్క పట్టి లాగింది. "ష్! ఇప్పుడు కాదక్కా."

మంజువాణి లేచింది. మగడు చెమటోడ్చి తొలిచిన తొర్ర గురించి, దిక్కులేని ఇల్లాలి గురించి గొంతెత్తి వాదించింది. చిలకలు నోరు తెరుచుకుని విన్నాయి.

గద్ద న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. "వాదన బాగుంది. కానీ మన చట్టంలో, తొలిచినవాళ్ళదే తొర్ర. తొలిచిన మగవాడు పోతే అతని తమ్ముడిది. ఇల్లాలి ఊసు అందులో లేదు. తొర్ర మరిదికే."

బయటికొచ్చాక వడ్రంగిపిట్ట మెల్లగా అంది. "తొలిచింది నేను తల్లీ. ఆయనది విరిగిన ముక్కు."

మంజువాణి లోపలికి పరుగెత్తింది. "అయ్యా! తొలిచింది ఈమే!"

"మగడని నీ నోటితోనే ఒప్పుకున్నావు. వకీలు ఒప్పుకున్నాక ఇంకేముంది?" అన్నాడు గద్ద.

"గట్టిగా చెప్పకపోయావా అక్కా?" అని మంజువాణి ఏడ్చింది.

"ఇంట్లోనూ ఇంతే. నేను మొదలుపెట్టిన మాట ఇంకెవరో పూర్తి చేసేవారు. ఆడవకీలువి కదా, చివరిదాకా వింటావనుకున్నాను."

కొత్త తొర్ర తొలిచే వ్యవధి లేకపోయింది. వడ్రంగిపిట్ట కొమ్మల పంగలో గుడ్లు పెట్టింది. గాలివానకు ఒక్కటీ నిలవలేదు.

తర్వాత మంజువాణి ఎన్నో కేసులు గెలిచింది. చిలకలు కూడా ఆమె దగ్గరికే వచ్చాయి. ఆ ఒక్క కేసునూ తిరిగి వాదించే కోర్టు మాత్రం ఏ అడవిలోనూ దొరకలేదు.

తన నోరు నొక్కినవారిని వదిలి వచ్చినంత మాత్రాన చాలదు. ఎదుటివారి మాట చివరిదాకా విన్నప్పుడే వాళ్ళ తరఫున మాట్లాడే హక్కు వస్తుంది.