కాగని జీపు

కొండదారి మలుపులో ఒంటరిగా బతికే ముసలి పైడమ్మ గుడిసె ముందు ఆగే మనిషి దొర ఒక్కడే. ఆ ఎత్తు ఎక్కేసరికి అతని జీపు సలసలా కాగిపోయేది. ఇంజను చల్లారేదాకా దొర అరుగు మీద కూర్చుని సణిగేవాడు. ఆ సణుగుడే ఆమెకి కబుర్లు. ఆ తర్వాత జీపుకి కుండెడు నీళ్ళు పోసి పంపేది.

ఒకనాడు దొర జీపు ఆపి, కిందికైనా దిగకుండా మీసం దువ్వాడు.

"పట్నంలో పెద్ద రేడియేటర్ వేయించాను. ఇక ఇంజను కాగదు, నీ గుమ్మంలో ఆగే పనే లేదు!"

పైడమ్మ తెచ్చిన నీళ్ళకుండ అరుగు మీద దించేసింది. అయినా నవ్వుతూ అడిగింది.

"మరి ఇప్పుడెందుకు ఆగినారు బాబూ?"

దొర మీసం మీంచి చెయ్యి దించాడు. "ఆగక్కర్లేదని చెప్పడానికి."

"అలాగైతే రేపూ చెప్పి ఎళ్ళండి. ముసిలిదాన్ని, మరిచిపోతాను."

మర్నాడు జీపు కాగలేదు. అయినా ఆగింది.