మువ్వ రాలిన గొలుసు

అనగనగా, రేగుకంపలూ నాగజెముళ్ళూ తప్ప నీడనేది దొరకని సీమలో ఒక ఊరుంది, బంగారూ. ఆ ఊళ్ళో సుంకులు అనే పిల్ల ఉండేది. వాళ్ళ అవ్వ ఓబులమ్మ.

ఒకనాడు ఇద్దరూ చెరువుగట్టు మీది గంగమ్మకి పసుపూ కుంకుమా ఇచ్చి రావడానికి బయల్దేరారు. వాగు వెంబడే కాలిబాట. వాగు ఎండిపోయింది గానీ దారిలో మూడు చెలమలున్నాయి. చెలమంటే తెలుసుగా? ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీళ్ళు.

"చేత్తోనే ముంచుకోవాల. కాలు పెట్టకూడదు, గంగమ్మ తల్లి కదా. తాగినాక గొడ్లు దిగకుండా కంప కప్పాల," అని అవ్వ చెబుతూనే ఉంది. సుంకులు వింటేనా? కాళ్ళకి కొత్త వెండి గొలుసులాయె! ఘల్లుఘల్లుమంటూ ముందుకి ఉరికింది.

కాసేపటికి గొలుసులకి దుమ్ము పట్టింది. చెరువు దగ్గరికి మేనమామ కూతుళ్ళూ వస్తారు, చూస్తారే! అప్పుడు మొదటి చెలమలో కాళ్ళు పెట్టి కడుక్కుంది. ఆ తర్వాత మళ్ళీ దుమ్ము, రెండో చెలమలో దిగింది. ఆ తర్వాత మూడోదాంట్లో కూర్చుని గొలుసుల్ని ఇసుకతో తోమింది కూడా. ఒక్కదానికీ కంప కప్పలేదు.

"అబ్బ, ఎంత మెరుస్తాండాయే!" అన్నారు చెరువుగట్టు మీద మేనమామ కూతుళ్ళు. సుంకులు మురిసిపోయింది. పొద్దెక్కింది. అవ్వ మాత్రం రాలేదు.

అప్పుడు అవ్వని వెతుక్కుంటూ వెనక్కి పరిగెత్తింది. మూడో చెలమ పక్కన, తుమ్మచెట్టు కింద అవ్వ కూలబడి ఉంది. పెదాలు ఎండిపోయాయి. ఎదురుగా ఉన్నది బురద.

"మూడింట్లోనూ ఏదో గొడ్డు దిగిందే," అంది అవ్వ మెల్లగా. "పోనీలే, దానికీ దాహమేసుంటాది."

సుంకులుకి తలెత్తడానికి మొహం చెల్లలేదు. చెరువు నీళ్ళు తేవడానికి చెంబైనా లేదు. గొలుసులు చప్పుడు కాకుండా మోకాళ్ళ మీద కూర్చుని, పక్కనే ఇసుక తవ్వింది. గోళ్ళు మంట పుట్టాయి. తవ్వగా తవ్వగా చెమ్మ తగిలింది, ఆ తర్వాత నీళ్ళూరాయి. అవి తేరేదాకా ఆగి, దోసిలితో తాగించింది.

"గొడ్డు కాదవ్వా, నేనే దిగినా," అంది.

అవ్వ పిడికిలి విప్పింది. అందులో ఒక వెండి మువ్వ!

"బురదలో దొరికిందిలే తల్లీ. నీ నోటితో విందామని ఆగినా. పద, గంగమ్మ ఎదురుచూస్తాంటాది."

తిరిగొచ్చేటప్పుడు సుంకులు మూడు చెలమలూ తోడి, కంప కప్పింది. ఆ మువ్వని మాత్రం ఎన్నడూ అతికించుకోలేదు. అది లేని చోటు కంటబడినప్పుడల్లా తల దానంతటదే వంగిపోయేది.

చెలమ నీళ్ళు పిట్టలకి,
చల్లని చూపు గంగమ్మకి,
చెప్పిన కథ కంచికి,
చిట్టితల్లీ, మనం నిద్దరకి.