ఇలసా? పులసా?

పేర్రాజు బాధ ఒక్కటే. పని ఎంత తను చేసినా, రిపోర్టు కింద సంతకం మాత్రం సువార్తమ్మ గారిదే.

కాకినాడలో చేపల డీఎన్ఏ పరీక్షించే లాబ్ ఆవిడది. ఖరీదైన చేప పేరు పెట్టి చౌక చేప అమ్మేవాళ్ళని పట్టుకోవడం అక్కడి పని. అందులో పేర్రాజు చెయ్యి తిరిగినవాడే. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

ఆ రోజు ఓ పెద్ద హోటలుకొచ్చిన "గోదావరి పులస" ప్యాకెట్టుని పరీక్షించి, "లేబుల్ నిజమే" అని రాసుకొచ్చాడు.

"దీనికి నేనే సంతకం పెడతానండి. మీదీ నాదీ ఒకే డిగ్రీ కదండీ!" అన్నాడు.

సువార్తమ్మ గారికి కోపం రాలేదు. ఆవిడకి పేర్రాజంటే ప్రాణం. ఫ్రిజ్‌లోంచి రెండు చేపముక్కలు తీసి ఇచ్చారు.

"పేర్రాజువి కదా, వీటి పేర్లు చెప్పు చూద్దాం."

మర్నాడు మధ్యాహ్నం నవ్వుకుంటూ వచ్చాడు.

"రెండూ ఒకటేనండి. పులసే. వెంట్రుకవాసి తేడా లేదు."

ఆవిడ రెండు గిన్నెల మూతలు తీశారు. ఆ రెండు చేపలతోనే నిన్న ఇంట్లో వండిన పులుసులు. రెండింట్లోనూ అవే బెండకాయలు, అదే ఆవకాయ నూనె.

"తిను."

మొదటి గిన్నెలోది బాగానే ఉంది. రెండోది నోట్లో పెట్టుకున్నాక పేర్రాజు ఇక గిన్నె వదల్లేదు. పుస్తెలమ్మైనా పులస తినమని ఊరికే అన్నారా! ముళ్ళని కూడా లెక్కచెయ్యలేదు పాపం.

"ఇది గోదారి పులసండి," అన్నాడు చివరికి. "అది సముద్రంలో పట్టిన ఇలస."

"రెండూ ఒకటే అన్నావుగా?"

"జాతి ఒకటేనండి..." అతని గొంతు తగ్గింది. "ఇది ఏటికి ఎదురీదొచ్చింది."

ఆవిడ రిపోర్టూ, తన పెన్నూ అతని ముందుకి జరిపారు.

పేర్రాజు తను రాసింది కొట్టేశాడు. "ఇలస జాతి చేపే. ఏట్లో పట్టారో సముద్రంలో పట్టారో ఈ పరీక్ష చెప్పలేదు," అని రాశాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పెన్ను తిరిగి ఆవిడకే ఇచ్చేశాడు.

సువార్తమ్మ గారు సంతకం పెట్టి, పక్కన కాస్త చోటు వదిలి, పెన్ను మళ్ళీ అతని చేతిలో పెట్టారు.

"పులస ఒక్కటే ఎదురీదదురా, గుంపుగా వస్తుంది. పెట్టు."