రోల్ నంబరు పదిహేడు

గెడ్డవలసలో కామేశ్వరరావు అనే ఇంజనీరు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, ఎదుటివాడి హోదా తెలుసుకోనిదే కుర్చీ చూపించేవాడు కాదు.

పదో తరగతి అయిన ముప్పై ఏళ్ళకి తన బ్యాచ్ వాళ్ళందరినీ తాము చదివిన బడిలోనే కలపాలని అతనికి కోరిక పుట్టింది. మంచి కోరికే. కష్టపడి ఫోన్ నంబర్లు సంపాదించాడు. గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆఫీసర్ల ఫొటోలు పళ్ళెమంత, రైతుల ఫొటోలు రూపాయి బిళ్ళంత. పరీక్ష పాసవని వాళ్ళకి అసలు చోటే లేదు.

అలా చోటు లేనివాళ్ళలో పైడమ్మ ఒకతె. తల్లి మంచం పట్టడంతో ఆమె పదో తరగతి పరీక్ష రాయలేదు. ఇప్పుడు అదే బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతోంది. కామేశ్వరరావు ఆమెకూ కబురు పెట్టాడు. రమ్మని కాదు, వండమని!

"అరవై మందికి పప్పు, పులిహోర, వంకాయ కూర" అన్నాడు ఫోన్లో.

"ఆ అరవైలో నాను ఉన్నానా?" అని పైడమ్మ అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం అందరూ వచ్చి తమ పాత తరగతి గదిలో చేరారు. ఎక్కడ చూసినా బట్టతలలు, కళ్ళజోళ్ళు, కౌగిలింతలు. లెక్కల మాస్టారిని ముందు వరసలో కూర్చోబెట్టారు. కామేశ్వరరావు మైకు పట్టుకుని, "పాత రోజుల్లోలాగే హాజరు తీసుకుంటాను, పలకండి" అన్నాడు. అప్పట్లో అతని నంబరు ఒకటి. ఆ గొప్ప వదులుకోలేక పాత నంబర్లే ఉంచాడు. ఏడు తరవాత తొమ్మిది పిలిచాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"పదహారు!"

"ప్రెజెంట్ సార్!" అన్నాడు బస్సు కండక్టరు గౌరునాయుడు.

"పద్దెనిమిది!"

"పదిహేడు ప్రెజెంట్!" అని వంటశాల నుంచి కేక వినిపించింది.

పైడమ్మ గరిటె పట్టుకునే లోపలికి వచ్చింది. "ఏటి కామేశం, పదహారు తరవాత పద్దెనిమిదా? లెక్కలు మర్చిపోనావా?"

అందరూ గొల్లుమన్నారు. కామేశ్వరరావు మొహం మాడిపోయింది. "అది కాదు పైడమ్మా, ఇది పాసైన వాళ్ళ లిస్టు. నువ్వు పరీక్ష రాయలేదు కదా" అన్నాడు.

"రాయలేదు. మాయమ్మని మంచం మీద ఇడిసిపెట్టి రాలేకపోనాను. దానికి నాను సిగ్గుపడను. ఈ బడిలో వంటమనిషిని నానే. ఈ క్లాసులో పదిహేడో నంబరూ నానే. అది కొట్టెయ్యడానికి నువ్వెవడివి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. పైడమ్మ తిన్నగా వెళ్ళి, ఒకప్పుడు తాను కూర్చున్న రెండో బల్ల మీద కూర్చుంది.

"మరి వడ్డన?" అన్నాడు కామేశ్వరరావు కంగారుగా.

"వండమన్నావు, వండేశాను. ఇయ్యాల నాను కూచుని తింతాను" అని గరిటె అతని చేతిలో పెట్టింది.

గౌరునాయుడు లేచి నిలబడ్డాడు. "పదిహేడు తింటేనే పదహారు తింటాడు!" అన్నాడు. "మేమూ అంతే" అన్నారు మిగతావాళ్ళు. మాస్టారు కర్రతో నేల మీద కొట్టి, "ఒరే కామేశం, నాకు తరవాత. ముందు ఆ పిల్లకి వడ్డించు" అన్నాడు.

ఇంజనీరు గారు నడుముకి తువ్వాలు చుట్టుకోక తప్పలేదు. పైడమ్మ విస్తరి దగ్గర వంగి, "తప్పయిపోయింది" అన్నాడు మెల్లగా.

"పులిహోర ఇంకాస్త వెయ్యి" అంది పైడమ్మ. "తరవాత ఎనిమిదో నంబరు సూరిగాడు ఎదర సైకిల్ షాపులో ఉన్నాడు, నువ్వే ఎళ్ళి పిలు."

గరిటె పట్టుకునే వెళ్ళి పిలుచుకొచ్చాడు.

ఆమె ఫొటో ఫ్లెక్సీ మీద అతికిద్దామని ఎవరో అన్నారు. "ఎందుకు? రేపటికల్లా దాన్ని గడ్డికుప్ప మీద కప్పేత్తారు" అంది పైడమ్మ. గ్రూపు ఫొటోలో మాత్రం మాస్టారి పక్కనే, నట్టనడుమ కూర్చుంది.

మనదైన చోటు కోసం ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తూ ఉండిపోకూడదు. పిలవకపోయినా గట్టిగా పలకాలి.