బోగయ్య రాయి – రాని మనిషి వాటా

దిబ్బలపేట సముద్రపు ఒడ్డున ఉన్న ఈ చిన్న గుడిలో విగ్రహం లేదు. చాపంత వెడల్పున్న నల్లరాయే స్వామి. జాలర్లు ఆయనను బోగయ్య అంటారు. ఇదేం పేరని నవ్వే భక్తులు కథ విన్నాక నవ్వరు.

పూర్వం ఇక్కడ వేట నుంచి పడవలు రాగానే ఈ రాతి మీదే చేపలు పంచుకునేవారు. పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. కడలిలో తప్పిపోయినవాడి వాటా నలభై రోజులు ఇంటికి చేరేది. ఆపైన తీసివేసేవారు. వాటా తీశారంటే మనిషి పోయినట్టే. భార్య గాజులు తీయాలి.

సూరాడ పోలమ్మ భర్త దానయ్య గాలివానలో తప్పిపోయి అప్పటికి నలభై రోజులు. ఆ ఉదయం ఓడ పగిలి ఒక పరదేశి ఒడ్డుకు కొట్టుకువచ్చాడు. ఎవరో ఏమిటోనని ఊరంతా దూరంగా నిలబడింది. పోలమ్మ మాత్రం భర్త వాటాను వండి తెచ్చి అతని ముందు పెట్టింది. తన మనిషికి ఏ ఒడ్డున ఎవరు పెడుతున్నారోనని ఆమె ఆలోచన.

అతడు ఆకలితో నకనకలాడుతూ కూడా సగం తీసి రాతి మీద ఉంచాడు. సముద్రం వైపు చేయి చూపి "బోగ్" అన్నాడు. తన పోలండ్ దేశంలో పండుగ భోజనానికి, రాని మనిషి కోసం కూడా ఒక కంచం పెడతారని సైగలతో చెప్పాడు. మరునాడు దానయ్య వాటా తీయవలసిన వేళ కులపెద్ద ఎల్లాజీ రాయి ముందు నిలిచాడు.

"పైదేశపోడు పెట్టినాడు. మనం తీసీడమేటి? ఉంచండి" అన్నాడు.

పరదేశి మరో ఓడ ఎక్కి వెళ్ళిపోయాడు. ఏడాది నిండకముందే దానయ్య ఒడిశా పడవలో తిరిగి వచ్చాడు. అక్కడెవరో ఇన్నాళ్లూ అన్నం పెట్టారట. ఊరు సంబరపడి, ఇక ఆ వాటా అక్కరలేదంది. పోలమ్మ ఒప్పుకోలేదు.

"మా మనిసొచ్చీసినాడు. ఇంకా రావలసినోలు ఉన్నారు కదా. మీరు తీసీత్తే నా వాటా ఎట్టేస్తాను" అంది.

ఆమె మాటే నెగ్గింది. పరదేశి అన్న మాటే పేరై, వాటా ఉంచిన రాయి బోగయ్య అయింది.

బోగ్ అంటే ఏమిటో మాకు చాలా కాలానికి ఒక భాషా పండితుడు చెప్పాడు. రష్యా, పోలండ్, సెర్బియా తదితర స్లావిక్ దేశాలలో దేవుణ్ణి అలా పిలుస్తారు. ఆ మాటకు మొదటి అర్థం వాటా, భాగ్యం అట. రష్యాలో ధనవంతుణ్ణి 'బొగాతి' అన్నా, పోలండ్‌లో ధాన్యాన్ని 'జ్బోజె' అన్నా, వాటా దక్కని పేదను 'ఉబోగి' అన్నా లోపల ఉన్నది ఆ మాటే. మన భగవంతుడిలోని 'భగ' దానికి దగ్గరి చుట్టం. చదువురాని పోలమ్మకు ఇదంతా ముందే తెలుసని మా నమ్మకం.

నేటికీ వేట పంచేటప్పుడు రాని మనిషి వాటానే మొదట పక్కన పెడతారు. దానిని వండి, గుడికి వచ్చిన కొత్తవారికి వడ్డిస్తారు. అది తిన్నవారి ఇళ్లకు దూరం పోయినవారు క్షేమంగా చేరుతారు. ఈ రోజు వాటా మీ కోసమే ఉంచాం, మొహమాటపడకండి. తినే ముందు సగం తీసి రాతి మీద పెట్టండి. మీ వెనుక ఎవరో బయలుదేరే ఉంటారు.