పెళ్లి కుండలు కనుమ దిగిన రోజు

చెంగల్రాయ అయ్యవారు నెమలిగుండు కనుమ ఎక్కబోయే ప్రతిసారీ కింది మలుపు దగ్గర సైకిలు దిగి, అక్కడ కుప్పగా పడి ఉండే కొమ్మల్లోంచి ఒకదాన్ని ఏరుకుని క్యారియరుకు కట్టుకునేవారు. ఆరు కిలోమీటర్లు దాన్ని మోసుకుంటూ ఎక్కి, పైన ఒక పెద్ద గుండు పక్కన దించి, చేతులు దులుపుకునేవారు. కొత్తగా చేరిన శిష్యులు చూసి ముసలాయనకు చాదస్తం అనుకునేవాళ్లు. చాదస్తమేమీ కాదు, ఆ చుట్టుపక్కల పల్లెల పద్ధతి అది. పాత సైకిళ్ల మీద బరువులు వేసుకుని కనుమ దిగేవాళ్లకు బ్రేకు రబ్బర్లు ఏ మూలకూ చాలవు. అందుకని పైన ఒక కొమ్మను సైకిలు వెనక తాడుతో కట్టుకుంటారు. అది రోడ్డు మీద బరబరా ఈడ్చుకుంటూ వస్తుంటే సైకిలు దూకుడు తగ్గి నిదానంగా దిగుతుంది. కిందికొచ్చాక కొమ్మను విప్పి పడేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. మరి కొమ్మలన్నీ దిగుతూనే పోతే పైన మిగిలేదేముంది? కాబట్టి ఎక్కేవాళ్లు ఉత్త చేతులతో ఎక్కకూడదని పెద్దవాళ్లు కట్టుబాటు పెట్టుకున్నారు.

అయ్యవారు మదనపల్లె దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. పిల్లలతో పని అయిపోయాక పెద్దవాళ్లకు మొదలుపెట్టారు. పాఠమంటే ఏమీ లేదు, ఆదివారం తెల్లవారగానే సైకిళ్లేసుకుని కొండల్లోకి పోవడమే. నాలుగు వరసల రోడ్డు వచ్చాక లారీలూ బస్సులూ అటు మళ్లిపోయి, పాత తారు దారులన్నీ గొర్రెలకూ తొండలకూ మిగిలాయి. ఏ దారి టమాటా తోటల మధ్యనుంచి పోతుందో, ఏ దారిలో పొద్దెక్కినా చింతచెట్ల నీడ ఉంటుందో, ఏ కనుమలో గంటసేపు తొక్కినా హారను మోత వినపడదో ఆయన్నే అడగాలి. అడిగితే చెప్పరు, రమ్మంటారు. అదొక్కటే ఆయనతో చిక్కు.

శిష్యుల్లో రెడ్డెమ్మ అని ఒకామె ఉండేది. పట్నంలో నర్సు, నలభైకి దగ్గరపడిన మనిషి. పదిహేనేళ్లుగా వార్డు నుంచి వంటింటికి, వంటింటి నుంచి వార్డుకు తిరిగి తిరిగి, ఈ ఆదివారాలు దొరికాక, ఇవి మాత్రం నావి అని గట్టిగా పట్టుకుంది. గేర్ల సైకిలు కొనుక్కుంది. ఎక్కడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కానీ కిందటేడు ఇదే కనుమ దిగుతూ ఏడో మలుపులో పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ గుండె అతుక్కోలేదు. అప్పట్నుంచి ఏ కొండ ఎక్కినా పైన సైకిలు దిగి, దూడను తోలుకుపోయినట్టు దాన్ని నడిపించుకుంటూ కిందికి వచ్చేది. తక్కినవాళ్లు ముందే దిగి, టీ తాగుతూ ఆమె కోసం కాచుకునేవాళ్లు. ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. ఆ అనకపోవడమే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఆ ఆదివారం మంచి ముహూర్తం. శిష్యులంతా పెళ్లిళ్లకు పోయారు, అయ్యవారూ రెడ్డెమ్మా ఇద్దరే వచ్చారు. కింది మలుపు దగ్గర సైకిళ్లు ఆపగానే రెడ్డెమ్మ రాత్రంతా మనసులో ఉంచుకున్న మాట బయటపెట్టింది.

"అయ్యవారూ, ఈ భయం ఎట్ల పోతాదో చెప్పండి. ఈపొద్దు కూడా నడిచే దిగితే ఈ సైకిలు మా చెల్లెలికి ఇచ్చేస్తా. ఇంక ఈ కొండల పక్కకు రాను."

ఉత్త బెదిరింపు కాదని ఆయనకు తెలుసు. ఆమె కళ్లు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. ఆయన మాత్రం, తన మోకాలు రెండు రోజులుగా సలుపుతోందని, ఈపొద్దు ఇద్దరి వంతు కొమ్మా ఆమే మొయ్యాలని చెప్పి కుప్ప వైపు చూపించారు. రెడ్డెమ్మకు ఒళ్లు మండింది. మనిషి ప్రాణం మీదికొచ్చి అడుగుతుంటే ఈయనకు కొమ్మల గొడవ. ఆ విసుగులో కుప్పంతా కెలికి, అన్నిటికన్నా సన్నటి కొమ్మను లాగింది. పైన ఎవరు తూకం వేస్తారులే అనుకుంది. అయ్యవారు దాన్ని చూశారు. చూసి, ముందు పొమ్మన్నారు.

కనుమ ఎక్కడం ఎప్పట్లాగే హాయిగా ఉంది, ఆ మాట ఒప్పుకోక తప్పదు. రాత్రి చిన్న జల్లు పడినట్టుంది, రాళ్ల సందుల్లోంచి మట్టి వాసన వస్తోంది. కౌజు పిట్టలు జంటలు జంటలుగా రోడ్డు దాటుతున్నాయి. చైను కిరకిరా, తమ ఊపిరీ తప్ప ఇంకో చప్పుడు లేదు. ఏడో మలుపు దగ్గర విరిగిన పిట్టగోడ కనబడినప్పుడు మాత్రం రెడ్డెమ్మ తల తిప్పుకుంది. ఈ దారిలో ఇదే ఆఖరిసారేమో అనిపించింది.

పైన గుండు పక్కన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కుమ్మరి గంగులప్ప. సైకిలుకు రెండు పక్కలా రెండు పెద్ద గంపలు, వాటిలో వరిగడ్డి పేర్చి, గడ్డిలో సున్నం బొట్లూ ఎర్రమన్ను గీతలూ పెట్టిన పెళ్లి కుండలు. కింది ఊళ్లో పెళ్లి. ఊరి మొదట్లో ఆడవాళ్లు మేళంతో ఎదురొచ్చి కుండలు తీసుకుపోవాలి, ఆ తర్వాతే తక్కిన తంతు. ముహూర్తాల రోజు కావడంతో తెల్లవారక ముందే బరువులతో దిగినవాళ్లు ఉన్న కొమ్మలన్నీ కట్టుకుపోయారు. నరుక్కుందామంటే పైన తుమ్మకంపా రాళ్లూ తప్ప చెట్టన్నదే లేదు. గంటసేపటి నుంచి ఎవరైనా కొమ్మ తెస్తారా అని ఎదురుచూస్తున్నాడు పాపం.

రెడ్డెమ్మ క్యారియరు మీద కొమ్మను చూసి అతని మొహం విప్పారింది. లేచి వచ్చి విప్పుకున్నాడు. ఒక చేత్తో ఎత్తి చూశాడు. తిట్టలేదు.

"పళ్లు తోముకోను బాగుంటాది తల్లీ," అన్నాడు.

రెడ్డెమ్మకు తల కొట్టేసినట్టయింది. కిందికి పోయి మంచిది తెస్తానంది. నడిచి దిగి, మళ్లీ ఎక్కి వచ్చేసరికి ముహూర్తం దాటిపోతుందని ఆమెకూ తెలుసు. గంగులప్ప కుండల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ఇరవై ఏళ్లుగా ఈ కనుమలో ఒక్క కుండ పగలగొట్టలేదట. పెళ్లికుండ పగిలితే పెళ్లివాళ్లు ఏమనుకుంటారోనని కొమ్మ లేకుండా చక్రం కదిలించేవాడు కాదట.

అయ్యవారు రెడ్డెమ్మ సైకిలు దగ్గరికి పోయి, చక్రం మధ్యలో ఉన్న డిస్కు బ్రేకు బిళ్లను వేలితో తట్టారు. పాత రబ్బర్లలా కాదు, ఎంత బరువునైనా ఆపే రకం అది. తాడుందా అని గంగులప్పను అడిగారు. ఉంది. ఒక కొస అతని క్యారియరుకు, ఇంకో కొస రెడ్డెమ్మ సైకిలు మెడకు కట్టారు. ఆమెకు విషయం అర్థమై రెండడుగులు వెనక్కు వేసింది. తన వల్ల కాదంది. పడితే తనొక్కతే కాదు, అతన్నీ కుండల్నీ కలిపి పడేస్తానంది.

"నిన్ను దిగమనలేదు," అన్నారు అయ్యవారు. "దిగేది ఆయన. నువ్వు గట్టిగా పట్టుకో, అంతే. తాడు వదులు కాకూడదు."

గంగులప్ప ముందు కదిలాడు. తాడు బిగిసింది. రెడ్డెమ్మ ఎంత గట్టిగా పట్టిందంటే ఇద్దరూ ఉన్నచోటే నిలబడిపోయారు. అతను వెనక్కు తిరిగి, కొంచెం కనికరించు తల్లీ, పెళ్లి వచ్చే ఏడు కాదు, ఈ ఏడే అన్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకటేసారి వచ్చాయి. వేళ్లు ఒక్క పిసరు వదిలింది. సైకిళ్లు కదిలాయి. ఇక అక్కడ్నుంచి ఆమె పక్కనున్న లోయను చూడలేదు, తాడునే చూసింది. గంపల్లో కుండ కుండకు తగిలి ఎక్కడైనా టక్కుమంటుందేమోనని చెవులు రిక్కించి విన్నది. మలుపు వచ్చినప్పుడల్లా అతను చెయ్యెత్తేవాడు, ఆమె ఇంకాస్త బిగించేది.

ఏడో మలుపు వచ్చింది. కనుమ మొత్తంలో అన్నిటికన్నా వాలు అక్కడే. విరిగిన పిట్టగోడను చూడగానే కిందటేటి భయం తన్నుకొచ్చింది, వేళ్లు వాటంతటవే ఇనుపముక్కల్లా బిగుసుకున్నాయి. సైకిళ్లు రెండూ చీమ నడకన ఆ వంపు తిరిగాయి. ఒక్క కుండ చప్పుడు చెయ్యలేదు.

కింద మేళం మోగుతోంది. ఆడవాళ్లు పసుపు గుడ్డలు పరిచి కుండలు ఒక్కొక్కటే దించుకున్నారు. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. గంగులప్ప తాడు విప్పి చుట్ట చుట్టుకుంటూ, కొమ్మంటే ఇట్లుండాల అని రెడ్డెమ్మకు దండం పెట్టి మేళం వెనక పోయాడు. ఇంతలో అయ్యవారు కూడా దిగి వచ్చారు. ఆయన బక్కమనిషి కదా, ఆ సన్నటి కొమ్మను తన సైకిలు వెనక కట్టుకున్నారు. అది ఆయనకు సరిగ్గా సరిపోయింది.

రెడ్డెమ్మ ఎవరూ చెప్పకుండానే కుప్ప దగ్గరికి పోయి, వచ్చే ఆదివారానికని లావుపాటి కానుగ కొమ్మ ఒకటి ఎంచి పక్కన పెట్టింది. సంతోషంగానే ఉంది, కానీ పొద్దున అడిగిన దానికి జవాబు రాలేదన్న వెలితి ఒకటి మిగిలింది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు.

"దిగడమైతే దిగినాను అయ్యవారూ. భయం మాత్రం పోలేదు. పైన ఎంతుండెనో ఇప్పుడూ అంతే ఉండాది."

అయ్యవారు తన కొమ్మను విప్పి కుప్ప మీద పెట్టి, చేతులు దులుపుకున్నారు.

"పోయింటే," అన్నారు, "ఆ కుండలు ఏమయ్యేవమ్మా?"